యాకుతియా అంటే చలి ఒక్కటే కాదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చలికాలం వచ్చిందంటే చాలు పేపర్లలో, టీవీల్లో రష్యాలోని సైబీరియాలో ఉండే యాకుతియా ఫొటోలు మొదలవుతాయి. కనురెప్పల మీద మంచు, మైనస్ యాభై డిగ్రీలు, మార్కెట్లో కర్రల్లా బిగుసుకుపోయిన చేపలు, అంతే, ఆ ప్రాంతం సంగతి అయిపోయినట్టే. అక్కడ లేనా నది పక్కన ఉండే సఖా జనానికి, అంటే బయటివాళ్లు యాకుత్‌లు అనేవాళ్లకి, ఒలోంఖో అని ఒక పెద్ద వీరగాథల సంప్రదాయం ఉందని, 2005లోనే యునెస్కో దాన్ని గుర్తించిందని ఎవరూ రాయరు. ఎప్పుడైనా రాసినా ఒంటికన్ను రాక్షసులు, మాట్లాడే గుర్రాలు అని పిల్లల కథ లెక్కన రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు ఎక్కువ బాధ ఈ రెండోదానికే, ఎందుకంటే ఆ ఒంటికన్నులోనే చాలా ఉంది.

అబాసీ అంటే కింది లోకం వాడు. వాడికి ఒకటే కన్ను, ఒకటే చెయ్యి, అది కూడా ఛాతీ మధ్యలోంచి పొడుచుకొస్తుంది, ఒకటే కాలు. మనిషికి జతగా ఉండేవన్నీ వాడికి సగమే. వాడుండే చోట ఎండ కూడా సరిగ్గా ఉండదు, సూర్యుడు చంద్రుడు అరిగిపోయి విరిగిపోయినట్టు మసకగా ఉంటారు, మొక్కలు సైతం ఇనుపవి. అలాంటివాడు పైకొచ్చి మనుషుల అమ్మాయిని ఎత్తుకుపోతాడు, అక్కడే యుద్ధం మొదలవుతుంది. నాకైతే అది ఉత్త దుర్మార్గం కథలా అనిపించదు, సగంగా పుట్టినవాడు నిండుగా ఉన్నవాళ్ల దగ్గర లాక్కోవడం అనిపిస్తుంది.

దీనికి ఎదురుగా మనుషుల్ని ఎలా వర్ణిస్తారో చూడండి. మధ్యలోకం మనుషులంటే వీపున పగ్గం ఉన్నవాళ్లు, ఆ పగ్గం పట్టుకునేది పైలోకంలో ఉండే అయీ దేవతలు. గుర్రాల్నే నమ్ముకుని బతికిన జాతి తప్ప ఇంకెవరికి వస్తుందండీ ఈ ఊహ! ఇందులో బానిసత్వం ఏమీ లేదు, మమ్మల్ని చూసుకునేవాళ్లు పైన ఉన్నారనే ధీమా ఉంది. అలాగని మధ్యలోకాన్ని స్వర్గంలా చూపించరు, ఎనిమిది అంచుల తల్లి నేల అని పొగుడుతూ అదే ఊపులో కొట్లాటలతో నిండిన నేల అని కూడా పాడేస్తారు.

ఇక ఆ నేల మధ్యలో ఉండే ఆల్ లూక్ మాస్ అనే చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. వేళ్లు ఒక లోకంలో, కొమ్మలు ఇంకో లోకంలో, అంటే మూడు లోకాల్నీ కుట్టేసినట్టు ఉంటుంది. హీరో బయల్దేరే ముందు దాని దగ్గరికొచ్చి వేడుకుంటాడు, అప్పుడు ఆ చెట్టులోంచి నేల తల్లి నడుము దాకా బయటికొచ్చి దీవించి తన పాలు పట్టిస్తుంది, వాడి బలం పెరుగుతుంది. ఎంత పెద్ద వీరుడైనా ముందు తల్లి పాలు తాగాలి! అంతేకాదు, వాడు చిక్కుల్లో పడ్డప్పుడు గట్టెక్కించేది చాలాసార్లు ఆడవాళ్లే, ఉదగాన్‌లు అనే మంత్రగత్తెలు తెల్ల కొంగలుగా మారి ఎగిరొస్తారు.

ఇదంతా ఒక్క మనిషే చెప్తాడు. మన బుర్రకథకి తంబూర, డక్కీలు, వంతలు ఉంటాయి కదా, ఒలోంఖోసుత్‌కి, అంటే ఒలోంఖో చెప్పేవాడికి, ఏమీ ఉండవు, గొంతే అన్నీ. కథ నడిపేటప్పుడు గబగబా చదువుతున్నట్టు పోతాడు, పాత్రలు మాట్లాడాల్సి వస్తే పాట ఎత్తుకుంటాడు, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు. వీరుడి పాట జే బువో అని మొదలవుతుంది, అబాసీది ఇంకో రకం, పేరు చెప్పకముందే ఎవరొచ్చారో వినేవాళ్లకి తెలిసిపోతుంది. సాధారణంగా పదివేల నుంచి పదిహేను వేల పంక్తుల దాకా ఉంటుందట ఒక్కో గాథ.

ప్లాటోన్ ఓయున్‌స్కీ అనే సఖా కవి నుర్గున్ బోటూర్ అనే వీరుడి గాథని 1930లలో కూర్చుని రాశాడు, 36 వేలకి పైగా పంక్తులు. స్టాలిన్ కాలంలో ఆయన్ని అరెస్ట్ చేశారు, 1939లో జైల్లోనే పోయాడు. గాథ మాత్రం మిగిలింది, 2014లో ఇంగ్లీషులో కూడా పుస్తకంగా వచ్చింది.

అందుకని నా రిక్వెస్ట్ ఏంటంటే, మీ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఇవ్వండి, చెట్టు దగ్గర దీవెన ఘట్టం ఒక్కటైనా తెలుగులో వేయించండి. ఒకటే మాట, అనువాదం చేసేవాళ్లు చెప్పిందే చెప్తున్నారని పంక్తులు కత్తిరించకుండా చూడండి, ఒకే వర్ణన మళ్లీ మళ్లీ రావడం ఆ పాటకి ఊపిరి లాంటిది, అది తీసేస్తే మిగిలేది ఒంటికన్ను రాక్షసుడి కథే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు