అర సెంటీమీటరు గాడికి

ఫ్రిస్కో, టెక్సస్
2025 ఫిబ్రవరి 10, సోమవారం, లంచ్ టైమ్

ఒరేయ్ అర సెంటీ,

తిట్టుకో, పడతాను. దసరాకి రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి కూడా దాటి శివరాత్రి ముంగిట్లోకొచ్చింది. ఇక్కడ అందరం బాగున్నాం, చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి, అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే, నా ఉద్యోగం ఇంకా ఉంది. వార్తలు సమాప్తం. నేనొక పిచ్చి బేరం చేశాన్రా. మా ఆవిడకి చెబితే "డబ్బెంత పోయింది?" అంది. పైసా పోలేదన్నాను. "మరింకేం" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇక మిగిలింది నువ్వే.

ఆఫీసులో పన్నెండు మందిమి అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఫాంటసీ లీగ్ ఆడతామని చెప్పాగా, అసలు మ్యాచుల్లో మన ఆటగాళ్లు ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు. డ్రీమ్ ఎలెవెన్ లాంటిదే, కాకపోతే ఒకసారి తీసుకున్న ఆటగాడు అమ్ముకునేదాకా మనవాడే. ఆ ఆటగాళ్లు ఎక్కణ్నుంచి వస్తారంటే, ఏటా ఏప్రిల్లో డ్రాఫ్ట్ అని జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్లని అసలు జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అందరి వంతూ ఒకసారి తిరిగితే ఒక రౌండ్. కిందటేడు చిత్తుగా ఓడినవాళ్లది మొదటి వంతు. ఆ వంతుల్ని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. చీటీ పాటే అనుకో. బోరు మోటారు కోసం మా నాన్న రెండో నెల్లోనే పాడి ఎంత వదులుకున్నాడో నీకు తెలుసుగా. డల్లాస్ జట్టు వాళ్లు 1990ల మొదట్లో ఏ వంతుకెంత విలువో ఒక పట్టీ కూడా వేసుకున్నారు: మొదటిది 3000 పాయింట్లు, పదోది 1300, పన్నెండోది 1200. ఇప్పటికీ చాలామంది బేరాల్ని దాంతోనే తూస్తారు.

2024లో జేవియర్ వర్దీ అని ఒక కుర్రాడొచ్చాడు, మా టెక్సస్ యూనివర్సిటీ వాడే. ఇండియానాపొలిస్‌లో కొలతలూ పరుగులూ చూసే చోట 40 గజాలు, అంటే మన ముప్పై ఆరున్నర మీటర్లు, 4.21 సెకన్లలో ఉరికాడు. అక్కడ అంతకుముందున్న రికార్డు 4.22. మరి వాణ్ని మొదటే ఎగరేసుకుపోవాలి కదా? బరువు 75 కిలోలురా! మనూళ్లో 75 కిలోలంటే "కాస్త తగ్గు నాయనా" అంటారు. ఇక్కడ బక్కోడు.

బక్కోడితో ఇబ్బందేంటంటే, బంతి అందుకోడానికి పరిగెత్తే రిసీవర్ని మొదటి అయిదు గజాల్లోపు ఎదుటివాడు రెండు చేతులతో కుమ్మి ఆపొచ్చు. తూకం లేనివాడు అక్కడే ఇరుక్కుంటాడు. తెలిసిన కోచ్ అయితే వాణ్ని గీత మీద నిలబెట్టడు. బంతి కదలకముందే అడ్డంగా పరుగు పెట్టించి, చెయ్యేసే సందివ్వడు. కాబట్టి పిల్లాడెంత ఉన్నాడని ఒక్కటే కాదు, ఏ ఇంటికెళ్తున్నాడో కూడా చూడాలి. పెళ్లి సంబంధమే.

నీ పోలీసు సెలక్షన్ గుర్తొచ్చింది. పదహారు వందల మీటర్లలో నిన్ను కొట్టేవాడు జిల్లాలో లేడు, కానీ అర సెంటీమీటరు ఎత్తు తక్కువని పరుగు దాకా రానిస్తేగా! జుట్టులో చింతపండు ముద్ద. ఎత్తు కొలిచే ఆయన కొలబద్ద నెత్తికి నొక్కగానే చెవి పక్క నుంచి పులుసు కారడం. సరే, సరే, ఇంకెప్పుడూ ఎత్తను. (ఎత్తుతాను.)

ఆ వర్దీ కోసం కేన్సస్ సిటీ వాళ్లు 32వ వంతు నుంచి 28కి జరిగారు. ఎవరితో బేరమాడి? బఫెలోతో, ప్లే ఆఫ్స్‌లో తమ చేతిలో ఏడ్చే జట్టుతోనే! బఫెలో ఇంకో మెట్టు కూడా దిగి, 33లో ఆరడుగుల మూడంగుళాల కియాన్ కోల్‌మన్‌ని తీసుకుంది. మా ఆఫీసులో బఫెలో వీరాభిమాని పెద్దాయన ఒకాయన ఉన్నాడు, వచ్చే ఏడు రిటైరవుతాడు. ఆ మర్నాడు కాఫీ మిషన్ దగ్గర ఆయన మొహం చూడాల్సింది. 2017లోనూ ఇదే ఘనకార్యం, పదో వంతు కేన్సస్ సిటీకే అమ్మితే వాళ్లు మహోమ్స్‌ని తీసుకున్నారు, ఇప్పుడు వాళ్ల జట్టుని నడిపే స్టార్ వాడే. "శత్రువుకి రెండుసార్లు కత్తి నూరిచ్చాం" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడులే.

మేలో మా లీగ్ డ్రాఫ్ట్, ఆ కొత్త కుర్రాళ్లని మేమూ అలాగే వంతులవారీగా పంచుకుంటాం. నాది పదకొండో వంతు. నేనూ కేన్సస్ సిటీ అంత మొనగాణ్ననుకుని, వచ్చే ఏటి రెండో రౌండ్ వంతు ధారపోసి ఎనిమిదికి జరిగి వర్దీని పట్టేశాను. సెప్టెంబర్ 5, మొదటి మ్యాచ్, రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం, మన గోలు లాంటిది)! ఆ రాత్రి నీకు ఫోన్ చేసి అర్థం లేకుండా అరిచింది దానికే. తర్వాత వారాల్లో పాయింట్లు చుక్కా చుక్కా రాలడం మొదలైంది. నవంబర్లో బేరాల గడువు ముంచుకొచ్చింది. బఫెలో పెద్దాయన వచ్చి, వర్దీని ఇస్తే ట్యాంక్ డెల్‌ని ఇస్తానన్నాడు. హ్యూస్టన్ రిసీవర్. అయిదడుగుల ఎనిమిదంగుళాలు, వాడూ 75 కిలోలే. 2023లో మొదటి ఏడే 11 మ్యాచుల్లో బంతి పట్టి 709 గజాలు, ఏడు టచ్‌డౌన్లు, ఆ తర్వాత కాలు విరిగింది. 75కి 75, తూకం సరిపోయిందని ఇచ్చేశాను. విరిగిన కాలు సంగతి చూసుకున్నానా? చూశాను. "అతుక్కుందిగా" అనుకున్నాను. ఎద్దుని కొనేటప్పుడు మీ తాతయ్య నాలుగడుగులు నడిపించి చూసేవాడు. నేను అంకెలు చూశాను.

డిసెంబర్ 21, శనివారం. మా లీగ్ సెమీఫైనల్, నేనూ పెద్దాయనా ఎదురెదురు. అదే రోజు కేన్సస్ సిటీలో హ్యూస్టన్‌తో మ్యాచ్. నా పాతవాడూ, నా కొత్తవాడూ ఒకే మైదానంలో! మూడో క్వార్టర్లో డెల్ 30 గజాల బంతి అందుకున్నాడు, టచ్‌డౌన్. సోఫా మీంచి లేచి ఎగిరాను, పాప కూడా ఎగిరింది. దిగేసరికి టీవీలో ఎవరూ గంతులేయట్లేదు. వాడు లేవలేదురా. మోకాలు. జట్టు జట్టంతా వాడి చుట్టూ మోకరిల్లింది. వాణ్ని తీసుకోమని పట్టుబట్టి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, స్ట్రౌడ్ ఏడుస్తున్నాడు. నా ఫోన్లో మాత్రం ఆ టచ్‌డౌన్‌కి పాయింట్లు పడ్డాయి, పచ్చ రంగులో. పాప "మనం గెలిచామా నాన్నా" అంది. ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ రోజు వర్దీ కూడా టచ్‌డౌన్ కొట్టాడు, నేను ఓడాను, అదంతా… సరే వదిలేయ్.

ఇక నవ్వు. జనవరి 26న సెమీస్ లాంటి మ్యాచ్, బఫెలో మీద కేన్సస్ సిటీ 32-29. వర్దీ 85 గజాలు, ఒక టచ్‌డౌన్. పెద్దాయన సొంత జట్టుని పెద్దాయన సొంత ఆటగాడే కాల్చాడు! మర్నాడు ఆయన ఆఫీసుకి రాలేదు.

నిన్న సూపర్ బౌల్, అంటే ఫైనల్. ఫిలడెల్ఫియా 40, కేన్సస్ సిటీ 22. అక్కడా ఒక బక్కోడున్నాడు, డివాంటా స్మిత్. 2021లో వాడి కోసం ఫిలడెల్ఫియా 12 నుంచి 10కి జరిగి, ఆ రెండు మెట్లకి మా డల్లాస్‌కి 84వ వంతు ఇచ్చింది. పట్టీ ప్రకారం 100 పాయింట్ల సరుక్కి 170 కట్టినట్టు. పదకొండులో న్యూయార్క్ జెయింట్స్ కాచుకుని ఉన్నారు మరి, పట్టీ చూస్తూ కూర్చుంటే వాడు దక్కేవాడు కాదు. నిన్న వాడు 46 గజాల టచ్‌డౌన్ కొట్టాడు, స్కోరు 34-0. డల్లాస్ మాత్రం నష్టపోయిందా, 12లో మైకా పార్సన్స్‌ని తెచ్చుకుంది.

మరి వర్దీ? 157 గజాలు, రెండు టచ్‌డౌన్లు! మా లీగ్ లెక్కలో 35.7 పాయింట్లు, కానీ లీగ్ ముగిసి నెల దాటింది, సున్నాతో సమానం. పైగా ఆ టచ్‌డౌన్లు రెండూ 34-0 తర్వాతే. పెళ్లివారంతా వెళ్లాక వాయించిన సన్నాయి. అది పెద్దాయనకీ తెలుసు. అయినా పొద్దున్నే మెసేజ్: "వర్దీని వెనక్కిస్తాను. మొదటి రౌండ్ వంతులు రెండు, ఈ ఏడుదీ వచ్చే ఏడుదీ." సాయంత్రంలోగా చెప్పమన్నాడు. నేను వర్దీని ఇచ్చిన రోజు నాకొచ్చింది డెల్ ఒక్కడే!

నువ్వు రోజూ పిల్లల్ని ఏరేవాడివి, చెప్పరా. నీ ఖోఖో జట్టులో ఆ పొట్టి పిల్లని ఏం చూసి తీసుకున్నావ్? పరుగా, లేకపోతే పడ్డాక లేచే తీరా? నాకైతే ఒక్క వంతుకి ఇస్తే తీసుకోవాలనే… కాదు, కాలు విరగని 75 కిలోలకి ఒకటిన్నర దాకా… ఆగు, ఆయనే వస్తున్నాడు. చేతుల్లో కాఫీ కప్పులు రెండున్నాయి. ఈయన నాకు కాఫీ తేవడం ఇన్నేళ్లలో ఇదే మొదలు, రేటు పెంచడానికే వస్తున్నట్టున్నా