180 డిగ్రీలు అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల వంటల పేజీల్లో కేకుకైనా బ్రెడ్డుకైనా చివర్న ఒకటే వాక్యం ఉంటుంది: "180 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి." చేతికి అలవాటైన ఓవెన్ ఉన్నవారికి అది చాలు. చదువుకో ఉద్యోగానికో పరాయి దేశం వెళ్లి, అద్దె ఇంట్లో ఎవరో వాడి వదిలేసిన ఓవెన్‌తో వండుకోవాల్సినవారికి మాత్రం అది సగం కూడా చెప్పదు. ఆ 180 ఏ కొలమానంలో? ఫ్యాన్ తిరుగుతుండగానా, ఆపేసా? ఏ అరలో, ఏ పాత్రలో? ఇవి తెలియకపోతే ఒకే పిండి ఒక ఇంట్లో అడుగు మాడుతుంది, ఇంకో ఇంట్లో నడుమ పచ్చిగా మిగిలిపోతుంది. వండినవారు తమకు వంట రాదనుకుని ఓవెన్ జోలికే వెళ్లడం మానేస్తారు. వారి కోసమే ఈ ఉత్తరం.

ముందు కొలమానం సంగతి. అమెరికా ఓవెన్లు ఫారెన్‌హీట్‌లో చెబుతాయి, మిగతా దేశాల్లో ఎక్కువగా సెల్సియస్. నాబ్ మీద అంకెలు 250 దగ్గర ఆగితే అది సెల్సియస్, 500 దాటితే ఫారెన్‌హీట్. ఫారెన్‌హీట్ ఓవెన్‌ను 180కి తిప్పితే లోపల 82 సెల్సియస్ డిగ్రీలే ఉంటుంది; ఎంతసేపు ఉంచినా కేకు ఎండుతుందే తప్ప పొంగదు. 325 అంటే 163, 350 అంటే 177, 400 అంటే 204, 425 అంటే 218 సెల్సియస్ డిగ్రీలు. బ్రిటన్ గ్యాస్ ఓవెన్లలో డిగ్రీలే ఉండవు, 1 నుంచి 9 దాకా గుర్తులు ఉంటాయి. 4 అంటే 180, 6 అంటే 200, 7 అంటే 220 సెల్సియస్. ఇవి గుండ్రం చేసిన అంకెలు; అసలు లెక్కలో ఒక్కో గుర్తుకు దాదాపు 14 డిగ్రీల తేడా. ఫ్రాన్స్‌లో కొన్ని పాత ఓవెన్ల మీద కూడా ఇలాంటి అంకెలే ఉంటాయి గానీ లెక్క వేరు. అక్కడ అంకెను 30తో హెచ్చించాలి. అంటే 6 అక్కడ 180, బ్రిటన్‌లో 200. పక్కపక్క దేశాల్లోనే ఇంత తేడా.

కొత్త ఇంట్లో ఓవెన్ అసలు వేడెక్కకపోతే చెడిపోయిందనుకోవద్దు. యూరప్ ఓవెన్లలో చాలావాటికి గడియారం సరిచేసేదాకా కాయిల్, అంటే వేడినిచ్చే తీగ, వెలగదు. కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ అదే తంతు. టైమర్ ఆటోమేటిక్ పద్ధతిలో ఉండిపోయినా ఇదే జరుగుతుంది. చేతి బొమ్మ ఉన్న మీటను నొక్కితే మామూలు పద్ధతికి వస్తుంది. తాళంచెవి బొమ్మ కనిపిస్తోందంటే పిల్లల కోసం పెట్టిన లాక్ పడినట్టు. దాని మీటను కొన్ని సెకన్లు నొక్కిపట్టాలి. బ్రిటన్ ఇళ్లలో ఓవెన్‌కు గోడ మీద వేరే పెద్ద స్విచ్ ఉంటుంది, చాలాచోట్ల ఎర్రది. అదీ చూసుకోవాలి.

నాబ్ మీద బొమ్మలు ఒకసారి తెలిస్తే ఏ కంపెనీ ఓవెన్ అయినా ఇంచుమించు అవే. పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటే రెండు కాయిల్స్ నుంచీ వేడి వస్తుంది. కింద గీత మాత్రమే ఉంటే అడుగు వేడి. పైన వంకరటింకర గీత ఉంటే గ్రిల్. వలయంలో ఫ్యాన్ ఉంటే, ఫ్యాన్ చుట్టూ ఉన్న కాయిల్ వేడిని గాలి అంతటా తిప్పుతుంది. గీతల మధ్య ఫ్యాన్ ఉంటే పై, కింది కాయిల్స్ వేడినే ఫ్యాన్ సర్దుతుంది. మంచు రేకు బొమ్మ గడ్డకట్టిన పదార్థాన్ని కరిగించడానికి. అందులో వేడి ఉండదు, ఉన్నా నామమాత్రం. అమెరికాలో బొమ్మలకు బదులు మాటలుంటాయి: బేక్ అంటే ప్రధానంగా అడుగు వేడి, బ్రాయిల్ అంటే పై నుంచి నేరుగా మండే వేడి. బ్రిటన్‌వాళ్లు గ్రిల్ అనేది దీన్నే. బ్రాయిల్‌లో కేకు పెడితే పైన నల్లబడుతుంది, కింద పిండి పిండిగానే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఫ్యాన్ దగ్గరే జరుగుతాయి. కదిలే గాలి, నిలకడగా ఉన్న గాలికన్నా వేగంగా వేడిని పదార్థానికి అందిస్తుంది. పాత్ర చుట్టూ పేరుకునే చల్లటి గాలి పొరను అది చెదరగొడుతుంది. అందుకే ఫ్యాన్ లేని ఓవెన్‌కు రాసిన వంటకాన్ని ఫ్యాన్ ఓవెన్‌లో చేస్తే 20 సెల్సియస్ డిగ్రీలు తగ్గించాలి: 180 ఉంటే 160. వేడి తగ్గించినా, చెప్పిన సమయానికి పది నిమిషాల ముందు నుంచే చూస్తూ ఉండాలి. తగ్గించకపోతే కేకు పైభాగం లోపలి పిండి పొంగకముందే గట్టిపడుతుంది, తర్వాత పొంగిన పిండి ఆ పెచ్చును చీల్చుకుని బయటికి వస్తుంది. నడిమధ్యన అగ్నిపర్వతంలా పగిలిన కేకులకు చాలాసార్లు కారణం ఇదే. ఒక జాగ్రత్త. అమెరికాలో ఫ్యాన్ పద్ధతిని కన్వెక్షన్ అంటారు, అక్కడి కొన్ని ఓవెన్లు ఆ మీట నొక్కగానే 25 ఫారెన్‌హీట్ డిగ్రీలు తమంతట తామే తగ్గించుకుంటాయి. మీరు 350 అని పెడితే తెర మీద 325 కనిపిస్తే అదే పని. అప్పుడు మళ్లీ తగ్గించకూడదు.

అంకె సరిగ్గా పెట్టినా లోపల అంతే వేడి ఉందన్న నమ్మకం లేదు. పాత ఓవెన్లలో 15, 20 డిగ్రీల తేడా వింతేమీ కాదు (వేరేగా చెప్పకపోతే ఇక మీదట డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే). ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనడం అన్నిటికన్నా తెలివైన ఖర్చు అని నా గట్టి అభిప్రాయం. దాన్ని నడిమి అరలో మధ్యన పెట్టి, ఓవెన్‌ను 180కి తిప్పి, అరగంట ఆగి, తలుపు తెరవకుండా అద్దంలోంచి అయిదేసి నిమిషాలకోసారి నాలుగైదు సార్లు చూడాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కాయిల్‌ను వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటుంది కనుక వేడి పైకీ కిందికీ ఊగుతుంది. ఒక్కసారి చూసిన అంకెను నమ్మకూడదు, సగటు తీసుకోవాలి. ఆ సగటు 165 వస్తే ఇక ఆ ఓవెన్‌లో ఎప్పుడూ 15 కలిపి పెట్టుకోవడమే. అమెరికాలో తెర ఉన్న ఓవెన్లు చాలావాటిలో ఈ తేడాను సెట్టింగుల్లోనే సరిచేయవచ్చు.

థర్మామీటర్ దొరక్కపోతే చక్కెర ఉంది. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం రేకుతో చిన్న గిన్నెలా చేసి అందులో ఒక చెంచా చక్కెర వేసి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో 175 దగ్గర పదిహేను నిమిషాలు ఉంచండి. కరగకూడదు. కరిగితే ఓవెన్ చెప్పినదానికన్నా వేడిగా ఉన్నట్టు. తర్వాత 190కి పెంచి, వేడి అందుకున్నాక కొత్త చక్కెరతో మరో పదిహేను నిమిషాలు. ఈసారి కరగాలి. కరగకపోతే ఓవెన్ చల్లగా ఉన్నట్టు.

వేడి ఏ మూల ఎక్కువో తెలుసుకోవడానికి బ్రెడ్డు ముక్కలు చాలు. నడిమి అర జాలీ మీద ముక్కలను వరసగా పరిచి, 180 దగ్గర పది నిమిషాలు ఉంచి, తీసేముందు ఫొటో తీసుకోండి. ముదురు రంగు తిరిగిన ముక్కలున్న చోటే మీ ఓవెన్ వేడి మూల. సాధారణంగా అది వెనకవైపు ఉంటుంది. ట్రేను మూడింట రెండు వంతుల సమయం అయ్యాక ముందువైపు వెనక్కి వచ్చేలా తిప్పితే రంగు సమంగా వస్తుంది. అంతకన్నా ముందు తలుపు తెరిస్తే ఇంకా నిలదొక్కుకోని కేకు నడుమ కుంగిపోతుంది.

"వేడెక్కింది" అని దీపం ఆరడమో బీప్ రావడమో జరిగితే గాలి వేడెక్కిందని అర్థం. గోడలు, జాలీలు ఇంకా అందుకోలేదు. తలుపు తెరవగానే ఆ గాలి బయటికి పోతుంది, తిరిగి వేడినివ్వడానికి గోడల్లో నిలవ ఉండదు. మరో పది, పదిహేను నిమిషాలు ఆగాలి. ఈలోపే కేకు లోపల పెట్టడం అస్సలు మంచిది కాదు, ఎందుకంటే తొందరగా వేడెక్కడానికి కొన్ని ఓవెన్లు పై కాయిల్‌ను కూడా పూర్తిగా వెలిగిస్తాయి, పైభాగం మాడుతుంది.

గ్యాస్ ఓవెన్ వెలిగించేటప్పుడు తలుపు తెరిచే ఉంచాలి. మంట అందుకున్నాక కూడా నాబ్‌ను పది, పదిహేను సెకన్లు నొక్కిపట్టాల్సినవి ఉన్నాయి. ముందే వదిలేస్తే మంట ఆరిపోతుంది. అది చెడిపోవడం కాదు, భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. వెలగకపోతే ఆపేసి, గ్యాస్ పూర్తిగా పోయేదాకా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది కనుక ఇందులో పైపెచ్చు కాస్త మెత్తగా వస్తుంది. ఓవెన్ అడుగున రేకు పరచడం చాలామందికి అలవాటు. గ్యాస్ ఓవెన్‌లో అది గాలి రంధ్రాలను మూసేసి కార్బన్ మోనాక్సైడ్ పుట్టించగలదు, కరెంటు ఓవెన్‌లో అడుగు పూతను పాడుచేస్తుంది. దయచేసి పరచకండి.

జపాన్‌లో చాలా ఇళ్లలో ఉండేది మైక్రోవేవ్, ఓవెన్ కలిసిన చిన్న పెట్టె. దాని మీద రాసిన గరిష్ఠ వేడి చాలా మోడళ్లలో కొద్ది నిమిషాలే నిలుస్తుంది, తర్వాత దానంతట అదే 200 చుట్టుపక్కలకు దిగిపోతుంది. లోపల చోటు తక్కువ కనుక తలుపు తెరిస్తే వేడి ఎక్కువ పోతుంది. 20 డిగ్రీలు ఎక్కువగా వేడి చేసి, లోపల పెట్టాక తగ్గించుకోవాలి. పై కాయిల్ దగ్గరగా ఉంటుంది, రంగు రాగానే పైన వదులుగా రేకు కప్పాలి.

పాత్ర మారినా లెక్క మారుతుంది. గాజు పాత్రకు, నల్లటి ట్రేకు 15 డిగ్రీలు తగ్గించాలి. 20 సెంటీమీటర్ల చదరపు పాత్ర బదులు 23 సెంటీమీటర్లది వాడితే వైశాల్యం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. పిండి పలచగా పరచుకుని త్వరగా కాలుతుంది. ట్రేకూ గోడకూ మధ్య కనీసం మూడు సెంటీమీటర్ల సందు ఉండాలి, లేకపోతే వేడి కిందే ఆగిపోయి అడుగు మాడుతుంది. అడుగు మాడుతోందంటే కింద ఇంకో ట్రే జోడించి ఒక అర పైకి జరపాలి. పైన మాడి నడుమ పచ్చిగా ఉంటే ఒక అర కిందికి దించి, 15 డిగ్రీలు తగ్గించి, సమయం పెంచాలి.

ఎత్తైన ఊళ్లకు వెళ్లినవారికి ఇంకో చిక్కు. మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2240 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీరు 93 డిగ్రీలకు కాస్త అటూఇటూగా మరుగుతుంది. గాలి ఒత్తిడి తక్కువ కావడంతో కేకు తొందరపడి పొంగి కూలిపోతుంది. బేకింగ్ పౌడర్ టీస్పూనుకు పావు టీస్పూను చొప్పున తగ్గించి, నీళ్లో పాలో కొద్దిగా పెంచి, వేడిని పది డిగ్రీలు పెంచాలి.

సంపాదకులను కోరేది ఇది. వంటల పేజీలో ఓవెన్ వంటకం వేసినప్పుడు ఒక్క పంక్తి చేర్చండి. ఉదాహరణకు: "20 సెంటీమీటర్ల అల్యూమినియం పాత్ర, నడిమి అర, ఫ్యాన్ లేకుండా 180 సెల్సియస్ లేదా 350 ఫారెన్‌హీట్, ఫ్యాన్‌తో 160 సెల్సియస్; 25 నిమిషాల నుంచి చూడటం మొదలుపెట్టండి; నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకూడదు, అంచులు పాత్రను వదలాలి." నిడివి కుదరకపోతే నిమిషాల లెక్కనైనా తీసేయండి గానీ, అయిందని తెలిపే గుర్తులను మాత్రం తీసేయకండి.

ఇట్లు,
బేకింగ్ నేర్పే ఒక పాఠకురాలు