ముంచింది కిక్కర్ ఒక్కడేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో ‘మ్యాచ్‌లు ముంచిన మొనగాళ్లు’ అని అమెరికన్ ఫుట్‌బాల్ కిక్కర్ల మీద ఒక కథనం వేశారు. చదివి ఊరుకుందామనుకున్నా గానీ మనసొప్పలేదు. పదకొండేళ్లుగా నేనుండేది బఫెలో పక్కనే, పైగా మా పెద్దవాడు ఇక్కడి హైస్కూల్ టీంలో కిక్కరే. ఆ కథనంలో తప్పు కూడా ఒకటుంది, చివర్లో చెప్తాను.

ఆ పనేమిటో తెలియని వాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ప్రొఫెషనల్ టీంలో 53 మంది ఉంటే ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్ని మూడు పాయింట్లు తేవడం) కొట్టేవాడు మామూలుగా ఒక్కడే. స్నాపర్ వంగి కాళ్ల సందులోంచి బంతిని ఏడెనిమిది గజాలు వెనక్కి విసురుతాడు. మోకాలి మీద కూర్చున్న హోల్డర్ దాన్ని పట్టుకుని, కుట్లు గోల్ వైపుకు తిప్పి వేలితో నిలబెట్టేలోపే కిక్కర్ అడుగులు మొదలుపెట్టేస్తాడు. అంతా కలిపి సెకనున్నర కూడా పట్టదు, అవతలివాళ్లు చేతులెత్తుకుని మీద పడుతుంటారు, బంతేమో 18 అడుగుల 6 అంగుళాల వెడల్పున్న రెండు స్తంభాల మధ్యలోంచి పోవాలి. మిగతా మూడు గంటలూ అతను గట్టున నిలబడి వలలోకి బంతులు తన్నుకుంటూ ఉంటాడు, ఎవరూ పలకరించరు. మా వాడి సంగతీ అంతే. చలిలో ఒక్కడే నిలబడి బూటు అడుగున అంటిన బురదను ఐస్‌క్రీం పుల్లతో గీక్కుంటుంటాడు, కంచె ఇవతల నుంచి నేను ‘ఒరేయ్ నాన్నా’ అని పిలిచినా తిరిగి చూడడు.

మీ జాబితాలో మొదటి పేరు మా బఫెలో బిల్స్ జట్టు కిక్కర్ స్కాట్ నార్వుడ్. 1991 జనవరి 27న టాంపాలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, ఎనిమిది సెకన్లు మిగిలాయి, బఫెలో బిల్స్ 19, న్యూయార్క్ జెయింట్స్ 20. నార్వుడ్ 47 గజాల నుంచి కొట్టింది కుడి పక్కకు పోయింది. ఇంతవరకూ మీరు రాసింది నిజమే. రాయనిదేమిటంటే, ఆ రోజు 60 నిమిషాల ఆటలో 40 నిమిషాల 33 సెకన్లు బంతి జెయింట్స్ చేతిలోనే ఉంది. వాళ్లను ఆపలేకపోయింది బిల్స్ డిఫెన్స్, కిక్కర్ కాదు. మర్నాడు ఓడి వచ్చిన జట్టు కోసం నయాగరా స్క్వేర్‌లో వేలమంది పోగై స్కాట్ రావాలి, స్కాట్ రావాలి అని అరిచారు, ఆయన మైకు ముందుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మా వీధిలో ఒక ముసలాయన ఆ రోజు నేనూ అక్కడున్నానని ఇప్పటికీ చెప్తాడు. ఓడిపోయిన మ్యాచ్ గురించి అంత గర్వంగా చెప్పుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

తర్వాతి ఏడాది బిల్స్ డెన్వర్‌ను 10-7తో ఓడించి మళ్లీ సూపర్ బౌల్‌కి వెళ్లారు. ఆ మూడు పాయింట్ల తేడా నార్వుడ్ 44 గజాల నుంచి కొట్టిన కిక్కే. అది ఎవరికి గుర్తుంది? ఆ సీజన్ అయ్యాక కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు, ఆయన ఇన్సూరెన్స్ పనీ రియల్ ఎస్టేటూ చేసుకుని బతికాడు.

2024 జనవరిలో మళ్లీ అదే జరిగింది. బిల్స్ కిక్కర్ టైలర్ బాస్, 44 గజాలు, మళ్లీ కుడి పక్కకే, కాన్సాస్ సిటీ 27-24తో గెలిచింది. ఆ రాత్రి మా ఇంట్లో పద్నాలుగు మందిమి ఉన్నాం. బిర్యానీ ప్లేట్లు చేతుల్లోనే ఉండిపోయాయి, మా ఆవిడ లేచి టీవీ కట్టేసింది. ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు గానీ ఫోన్లలో తిట్లు మొదలయ్యాయి, చివరికి అతను సోషల్ మీడియా ఖాతాలు మూసుకోవాల్సి వచ్చింది. 2018లో ఇక్కడి సుప్రీంకోర్టు రాష్ట్రాలు ఆటల పందేలను అనుమతించొచ్చని తీర్పిచ్చింది, ఫోన్‌లోనే పందెం కాసే వీలొచ్చాక ఈ జబ్బు ఇంకా ముదిరిందని నా అనుమానం. డబ్బు పోగొట్టుకున్నవాడి నోటికి అదుపుండదు కదా. (2022లో క్యాచ్ వదిలేశాడని అర్ష్‌దీప్‌ను మనవాళ్లు ఎన్నేసి మాటలన్నారో మీకూ గుర్తుండే ఉంటుంది.) అయితే బఫెలో జనం ఈసారీ ఊరుకోలేదు. బాస్ అండగా నిలిచిన పిల్లుల సంరక్షణ కేంద్రానికి తలా 22 డాలర్ల చొప్పున పంపడం మొదలుపెట్టారు, చూస్తుండగానే లక్ష డాలర్లు దాటిపోయింది.

అదే పేజీలో ఇంకో కిక్కర్ ఆడం వినటియేరిని ఆకాశానికెత్తారు. ఎత్తాల్సిందే! డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోకపోతే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి ఆడి వచ్చి, 24 సీజన్లలో 2,673 పాయింట్లు కొట్టాడు. కానీ 2004 సూపర్ బౌల్‌లో అతను మొదటి సగంలోనే ఒక కిక్ పక్కకు కొట్టాడు, ఇంకొకటి కరోలినా వాళ్లు అడ్డుకున్నారు. చివరి సెకన్లలో ఇంకో అవకాశం దొరికింది, 41 గజాల నుంచి కొట్టి గెలిపించాడు. అది దొరక్కపోయుంటే మీ ‘మొనగాళ్ల’లో అతనూ ఉండేవాడు.

ఇక ఆ తప్పు. 2019 జనవరి 6, షికాగో బేర్స్ కిక్కర్ కోడీ పార్కీ. ‘సులువైన కిక్‌ను చేజేతులా పాడుచేశాడు’ అని రాశారు. 43 గజాలు అంత సులువూ కాదు, పైగా ఆ కిక్‌ను అతను రెండుసార్లు కొట్టాడు. మొదటిసారి బంతి సరిగ్గా మధ్యలోంచే పోయింది గానీ అంతకు కొద్ది క్షణాల ముందే అవతలి జట్టు ఫిలడెల్ఫియా కోచ్ టైమౌట్ తీసుకుని ఆట ఆపించాడు, అది లెక్కలోకి రాలేదు. రెండోసారి ట్రేవన్ హెస్టర్ వేళ్లకు తగిలి ఎడమ స్తంభాన్ని కొట్టుకుని, అడ్డుకర్ర మీద పడి ఇవతలికి వచ్చేసింది. బేర్స్ 16-15తో ఓడారు. ఆ 15 పాయింట్లలో 9 పార్కీవే. మర్నాడు లీగే దాన్ని అవతలివాళ్లు అడ్డుకున్న కిక్‌గా మార్చింది, అయినా మార్చిలో అతని ఉద్యోగం పోయింది. ఇవన్నీ కాకపోయినా, బంతికి చెయ్యి తగిలిందన్న ఒక్క ముక్కకైనా మీ పేజీలో సవరణ వేయండి.

— ఒక పాఠకుడు,
బఫెలో, న్యూయార్క్