చిలుకూరు కార్డు

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

చదువు పెరిగేకొద్దీ పూజల మీద గురి తగ్గుతుందని, నీ విషయంలో అదే జరిగిందని, అందుకే అమెరికాలో దీపం పెట్టడం మానేశావని నువ్వు రాసిన ఉత్తరాన్ని మీ అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు. దీపం మానేసినందుకు నాకూ బాధ లేదు గానీ, దానికి నువ్వు చెప్పిన కారణం మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు.

నిన్న నీ పుస్తకాల అలమర సర్దుతుంటే చిలుకూరు కార్డు దొరికింది. మొక్కుకున్నప్పుడు చేసిన 11 ప్రదక్షిణలు కాక, వీసా చేతికొచ్చాక 108 చేసి, ఒక్కొక్క అంకె మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకున్న కార్డు అది. డెబ్బయ్యో అంకె దగ్గర చెమట చేతి మరక ఇంకా అలాగే ఉంది. ఆ రోజు నీ ముందూ వెనకా తిరిగినవాళ్లలో ఎక్కువమంది ఇంజనీరింగు చదివిన పిల్లలే. హుండీ అయినా లేని ఆ చిన్న గుడిలోని స్వామిని 'వీసా బాలాజీ'గా మార్చింది పై చదువులే కదా! హాల్ టికెట్టుకు పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టిందీ నువ్వే. ఫిజిక్సు పాఠాలు చెప్పుకునే నేను నవ్వుతూనే ఆ పసుపు గిన్నె అందించాను.

నువ్వున్న దేశంలోనూ లెక్క అంత సూటిగా లేదు. 2017లో అక్కడి సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మతం తమకు చాలా ముఖ్యమని చెప్పేవారు అమెరికా పట్టభద్రులలో తక్కువే అయినా, ప్రార్థనకు వెళ్లడంలో మాత్రం వారికీ తక్కువ చదివినవారికీ పెద్ద తేడా లేదు. 1914లో కేంబ్రిడ్జికి వెళ్లిన గణితవేత్త రామానుజన్ శాకాహారం తానే వండుకుని తిన్నాడు. అన్ని మతాలూ దాదాపు సమానంగా నిజమేననిపిస్తుందని ఆయనే తనతో అన్నట్లు, దేవుణ్ణి నమ్మని అక్కడి గణితవేత్త హార్డీ రాశాడు. రామానుజన్‌లో నమ్మకం ఎంతో, ఆచారం ఎంతో దగ్గరివాళ్లకే ఏకాభిప్రాయం కుదరలేదు.

నీ విషయంలో డిగ్రీ కన్నా, అగరుబత్తి వెలిగిస్తే ఎక్కడ మోగుతుందోనన్న స్మోక్ అలారం భయం, రాత్రి పదింటిదాకా ల్యాబు, పొద్దున్నే 'స్నానమైందా' అని కేకేసే మనిషి లేకపోవడం పెద్ద కారణాలని నా అనుమానం. నమ్మకం పోయి మానేశావో, వీలు చిక్కక మానేశావో నిజం రాయి. మొదటిదైతే నేను వాదించను.

కార్డును నీ సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టాను.

నాన్న