ఫ్రిట్జ్ పోలార్డ్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మన పేపర్లలో సూపర్ బౌల్ స్కోరు తప్ప పెద్దగా ఏమీ రాదు. 1894లో షికాగోలో పుట్టిన ఫ్రిట్జ్ పోలార్డ్, 1916లో రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. 1920లో ఆయన ఆడిన అక్రాన్ ప్రోస్ జట్టే ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అని పిలిచే ప్రొఫెషనల్ లీగ్ తొలి విజేత, మరుసటి ఏడాది ఆడుతూనే ఆ జట్టుకు కోచ్ కూడా అయ్యారు. కింద పడితే ప్రత్యర్థులు కావాలని మీద పడేవాళ్లు, అందుకే పడగానే వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తి కాచుకునేవారు. ఆట ఆడటానికి ఇంత భయమా అనిపించింది నాకు! 1934 నుంచి 1945 దాకా లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. ఆయన తర్వాత మరో నల్లజాతి హెడ్ కోచ్ రావడానికి 1989 దాకా పట్టింది, పోలార్డ్‌ను ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆ ఆటలో గొప్పవాళ్ల గౌరవ జాబితాలో, చేర్చింది 2005లో, అప్పటికి చనిపోయి 19 ఏళ్లు. దయచేసి స్పోర్ట్స్ పేజీలో ఆయన మీద పూర్తి వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, ఖమ్మం