థాంక్స్‌గివింగ్ నిధి 2025: జమా ఖర్చుల వివరణ

అమెరికాలోని డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న మన కాలనీల తెలుగు కుటుంబాలకు, విడిగా విరాళాలు పంపిన దాతలకు, శ్రమదానం చేసిన పెద్దలకు, పిల్లలకు కమిటీ తరఫున నమస్కారాలు. అమెరికాలో నవంబరులో వచ్చే కృతజ్ఞతా పండుగ అయిన థాంక్స్‌గివింగ్‌కు ఈ ఏడు జరిపిన కార్యక్రమాల లెక్కలను డిసెంబరు 14న ముగించి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసి, మీ ముందు ఉంచుతున్నాము. అంకెలు మాత్రమే రాసి ఊరుకుంటే ఏ పద్దు ఎందుకు పెరిగిందో, ఏది ఎందుకు తగ్గిందో సభ్యులకు తెలియదు గనుక, సమావేశాల్లో చర్చకు వచ్చిన పద్దులకు కారణాలను కూడా వివరంగా రాస్తున్నాము. కృతజ్ఞత పేరుతో వసూలు చేసిన సొమ్ము ఎవరికి కృతజ్ఞత తెలుపుకోవడానికి ఖర్చయిందో పద్దులోనే కనపడాలన్నది ఈ కమిటీ మొదటి నుంచి పెట్టుకున్న నియమం.

ముందుగా జమ వైపు. కుటుంబానికి 80 డాలర్ల చొప్పున 118 కుటుంబాలు చెల్లించిన చందా 9,440 డాలర్లు. విడి విరాళాలుగా 3,265 డాలర్లు వచ్చాయి. సభ్యులు పనిచేసే కంపెనీలు తమ ఉద్యోగుల విరాళానికి సమానంగా జతచేసి పంపిన మొత్తం 1,150 డాలర్లు. పిల్లలు తామే తయారు చేసిన కాగితపు పూలు, ప్రమిదలు, దండలు అమ్మిన బల్ల మీద 418 డాలర్లు పోగయ్యాయి. నిరుటి నిల్వ 1,387 డాలర్ల 40 సెంట్లు కలుపుకుంటే మొత్తం జమ 15,660 డాలర్ల 40 సెంట్లు. కంపెనీల నుంచి ఇంకా 600 డాలర్లు రావలసి ఉన్నాయి. చేతికి రాని సొమ్మును జమగా చూపడం సరికాదు గనుక ఆ మొత్తాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

రశీదుల గురించి కొందరు అడిగారు. మన కమిటీ లాభాపేక్ష లేని సంస్థగా నమోదై ఉన్నందున, 250 డాలర్లు గాని అంతకు మించి గాని విరాళం ఇచ్చిన ప్రతి దాతకు పన్ను లెక్కల్లో చూపుకోవడానికి వీలుగా రాతపూర్వకమైన రశీదు పంపాము. 80 డాలర్ల చందా విషయం వేరు. 75 డాలర్లు దాటిన చెల్లింపుకు బదులుగా దాతకు ఏదైనా అందితే, దాని విలువ ఎంతో సంస్థ రాసి ఇవ్వాలన్నది ఆదాయపు పన్ను నియమం. చందా కట్టిన కుటుంబం మన భోజనాల్లో పాల్గొన్నది గనుక ఆ భోజనం విలువను 40 డాలర్లుగా లెక్కకట్టి, మిగిలిన 40 డాలర్లను మాత్రమే దానంగా చూపుతూ రశీదులు ఇచ్చాము.

ఇక ఖర్చుల్లో అన్నిటికంటె పెద్ద పద్దు, అవసరంలో ఉన్నవారికి ఉచితంగా ఆహార సరుకులు అందించే ఫుడ్ బ్యాంకుకు ఇచ్చిన 5,000 డాలర్లు. సెప్టెంబరు సమావేశంలో ఆమోదించిన అంచనా ప్రకారం ఈ పద్దు 3,500 డాలర్లే. అయితే అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు కేంద్ర ప్రభుత్వ కార్యకలాపాలు నిలిచిపోవడం, దాంతో స్నాప్ పథకం కింద పేద కుటుంబాలకు నవంబరు మొదట్లో అందవలసిన ఆహార సాయం ఆగిపోవడం మీ అందరికీ తెలిసినదే. ఆ సమయంలో ఈ పథకం మీద దేశంలో సుమారు 4 కోట్ల 20 లక్షల మంది ఆధారపడి ఉన్నారు. ఆ వారంలో ఫుడ్ బ్యాంకుకు సామాన్లు సర్దడానికి వెళ్లిన మన సభ్యులు తిరిగివచ్చి చెప్పినదేమిటంటే, వరుసలో నిలిచిన కార్లలో సగానికి సగం మొదటిసారి వచ్చినవారివేనట. యూనిఫాం మీదనే వచ్చిన ఉద్యోగులు, చంటిబిడ్డల తల్లులు, సంకోచంతో అద్దం పూర్తిగా దించని పెద్దవాళ్లు ఆ వరుసలో ఉన్నారట. ఇది విన్న తరువాత వేదిక అలంకరణ కోసం కేటాయించిన 1,100 డాలర్లలో 980 డాలర్లను తగ్గించి ఈ పద్దుకు మళ్లించాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం తెలుపుతూ ఉత్తరం పంపగానే వచ్చినవే పైన చెప్పిన విడి విరాళాలలో ఎక్కువ భాగం. వేదిక మీద గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, బంతిపూల దండలు మాత్రమే పెట్టాము. వాటి ఖర్చు 120 డాలర్లు.

డబ్బాలు, పప్పుల సంచులు పోగుచేసి ఇవ్వకుండా నగదు ఎందుకు ఇచ్చారని వచ్చిన ప్రశ్న సమంజసమైనదే. ఫుడ్ బ్యాంకులు టోకున, లారీల లెక్కన కొంటాయి గనుక దుకాణంలో మనం ఒక డాలరుకు కొనే సరుకుకంటె ఆ డాలరుతో వారు ఎక్కువ సరుకు కొనగలరు. పైగా పాలు, గుడ్లు, కూరగాయల వంటివి మనం ఇళ్లలో పోగుచేసి ఇవ్వలేము. పిల్లలకు ఇచ్చే అలవాటు నేర్పడానికి బియ్యం, కందిపప్పు సంచులు తెచ్చిన కుటుంబాలను మాత్రం మేము వద్దనలేదు. అవి వస్తురూపంలో నేరుగా అందాయి గనుక పద్దుల్లో కనిపించవు.

నవంబరు 22 శనివారం నాటి సహపంక్తి భోజనాలకు హాలు అద్దె 1,100 డాలర్లు, ఒకరోజు బీమా 165 డాలర్లు అయ్యాయి. హాలుకు కట్టిన డిపాజిట్ పూర్తిగా తిరిగి వచ్చింది. పులిహోర, గుత్తివంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, గోంగూర పచ్చడి, బొబ్బట్లతో కూడిన శాకాహార భోజనానికి 3,480 డాలర్లు, వండి తెప్పించిన ఆరు టర్కీ కోళ్లకు, వాటి వెంట వచ్చిన క్రాన్‌బెర్రీ పచ్చడికి, బంగాళాదుంపల ముద్దకు 612 డాలర్లు చెల్లించాము. మాంసాహారపు బల్లను, గరిటెలను, వడ్డించేవారిని పూర్తిగా వేరుగా ఉంచాము. పళ్లేలు, గ్లాసులు, మైకు అద్దె, పిల్లల కార్డులకు అట్టలు, రంగులు అన్నీ కలిపి 587 డాలర్ల 35 సెంట్లు. వడ్డించకుండా మిగిలిన మూతపెట్టిన ట్రేలను ఆ సాయంత్రమే నిరాశ్రయుల వసతిగృహానికి చేర్చాము. సద్భావంతో, మంచి స్థితిలో ఉన్న ఆహారాన్ని స్వచ్ఛంద సంస్థలకు దానం చేసేవారికి 1996 నాటి కేంద్ర చట్టం రక్షణ కల్పిస్తున్నది గనుక ఈ విషయంలో భయపడవలసిన పని లేదని సభ్యులకు తెలియజేస్తున్నాము.

ఏడాది పొడవునా మనకు సేవలు చేసే ఉద్యోగులకు కృతజ్ఞతగా ఇచ్చిన మిఠాయి పెట్టెల పద్దు 1,392 డాలర్లు. పెట్టె ఒక్కింటికి 14 డాలర్ల 50 సెంట్ల చొప్పున 96 పెట్టెలు. గిఫ్టు కార్డులు ఇస్తే బాగుండేది కదా అని పలువురు అన్నారు. తపాలా ఉద్యోగులు ప్రజల నుంచి నగదు గాని, నగదుగా మార్చుకోగల కార్డు గాని తీసుకోరాదు. కానుక ఏదైనా ఒక సందర్భానికి దాని విలువ 20 డాలర్లు దాటరాదు. కృతజ్ఞత పేరుతో ఎదుటివారి ఉద్యోగానికి ఇబ్బంది తేవడం తగదు గనుక అందరికీ ఒకే విలువగల మిఠాయినే ఎంచుకొని, అందులో జీడిపప్పు, పాలు, నెయ్యి ఉన్నాయని ఇంగ్లీషులో స్పష్టంగా చీటీ అంటించి ఇచ్చాము. వీటిలో 14 పెట్టెలు తపాలా ఉద్యోగులకు, 12 చెత్త బండ్ల సిబ్బందికి, 22 స్కూలు బస్సు డ్రైవర్లకు, 9 పిల్లలను రోడ్డు దాటించేవారికి, 16 గ్రంథాలయ సిబ్బందికి, 23 పాఠశాలల్లో వంట, శుభ్రత పనులు చేసేవారికి చేరాయి.

ప్రతి పెట్టెతోపాటు పిల్లలు రాసిన ఒక కార్డు ఉంచాము. పెద్దలు చెప్పి రాయించిన వాక్యాలు ఉండరాదని, తాము కళ్లారా చూసిన ఒక మేలును మాత్రమే రాయాలని పిల్లలకు ముందే చెప్పాము. రెండో తరగతి చదివే ఒక పాప తన బస్సు డ్రైవరుకు, "నేను బస్సులో వాంతి చేసుకున్న రోజు మీరు కోప్పడలేదు, మీ నీళ్ల సీసా నాకు ఇచ్చారు" అని రాసింది. ఆ తల్లిదండ్రులకు కూడా అప్పటివరకు ఆ సంగతి తెలియదు. ఆ డ్రైవరు శనివారం భోజనాలకు వచ్చినప్పుడు ఆ దంపతులు ఆమెను తమ పక్కన కూర్చోబెట్టుకొని దగ్గరుండి వడ్డించారు. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు పసుపు కుంకుమ పెట్టి, ఏడాదంతా చాకిరీ చేసినందుకు ఆ పూట వాటితో పని చేయించని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఎవరి శ్రమ మీద మన ఇల్లు గడుస్తున్నదో వారిని పండుగలోకి పిలవడం మనకు కొత్తగా ఎవరూ నేర్పవలసిన పని కాదు. అందుకే ఈ పద్దు పెరిగినా కమిటీ దీన్ని తగ్గించడానికి ఒప్పుకోదలచుకోలేదు.

అతిథి ప్రసంగానికి ఇచ్చిన 400 డాలర్ల గౌరవవేతనం మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఓక్లహోమా నుంచి వచ్చి డాలస్‌లో స్థిరపడిన, చోక్టా అనే అమెరికా ఆదివాసి జాతి కుటుంబానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలిని పిలిచాము. పండుగపూట చరిత్ర వివాదాలు ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. ఈ పండుగకు మూలంగా చెప్పుకొనేది 1621 నాటి విందు. ఆ ఏడు మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చినవారు తొలి పంట ఇంటికి చేరాక విందు చేసుకున్నప్పుడు అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ జాతి నాయకుడు మాససోయిట్ తొంభైమంది మనుషులతో వచ్చి, ఐదు జింకలను తెచ్చి, మూడు రోజులు ఆ విందులో ఉన్నాడని ఆనాటి ఉత్తరం చెబుతున్నది. ఆ వలసదారులకు అక్కడి నేలలో మొక్కజొన్న వేయడం నేర్పినవాడు టిస్క్వాంటం అనే వాంపనోగ్ మనిషి. అయినా 1675 నాటికి మాససోయిట్ కొడుకు మెటాకమ్‌కు, వలసదారులకు మధ్య యుద్ధం వచ్చింది, ఆ జాతి నేల పోగొట్టుకున్నది. 1970 నుంచి ప్రతి థాంక్స్‌గివింగ్ నాడు ప్లిమత్‌లో ఆదివాసులు సంతాప దినం పాటిస్తున్నారు. అన్నం పెట్టినవారికి జరిగినదేమిటో తెలుసుకోకుండా ఆ విందును మాత్రం స్మరించుకోవడం న్యాయం కాదని కమిటీలో అత్యధికులు భావించారు.

ఆ ఉపాధ్యాయురాలు చెప్పినవాటిలో ఒక సంగతి జమా ఖర్చులు రాసే మాకు ప్రత్యేకంగా నచ్చింది. 1830ల్లో సొంత నేల నుంచి బలవంతంగా ఓక్లహోమా వైపు తరలించబడి, దారిలో వేలమందిని పోగొట్టుకున్న చోక్టాలు 1847లో, సముద్రానికి అవతల ఐర్లండు ప్రజలు కరువుతో చనిపోతున్నారని విని 170 డాలర్లు చందా వేసుకొని పంపారు. ఐర్లండు ఆ చందాను మరువలేదు. కార్క్ కౌంటీలోని మిడిల్టన్ పట్టణంలో ఆ మేలుకు గుర్తుగా ఒక శిల్పం నిలబెట్టారు. 2020లో కోవిడ్ వేళ నావహో, హోపీ జాతుల సహాయనిధికి ఐర్లండు నుంచి ఎందరో విరాళాలు పంపుతూ 1847 నాటి సాయాన్ని ప్రస్తావించారు. అప్పుడు ఇచ్చినవారు చోక్టాలు, ఇప్పుడు అందుకున్నవారు వేరే జాతులు. అయినా ఐర్లండు ప్రజలు దానిని బాకీ తీర్చడంగానే భావించారు. మన ఊళ్లలో వరదలకు, తుపానులకు ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివారు పంపిన బియ్యం తిన్న కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. ఫుడ్ బ్యాంకు పద్దును ఆ దృష్టితో చూడవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

లింకన్ 1863 అక్టోబరు 3న, అంతర్యుద్ధం నడుస్తుండగానే, నవంబరు చివరి గురువారాన్ని దేశమంతా కృతజ్ఞతా దినంగా పాటించాలని ప్రకటించాడు. దానికోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి అడిగినవారు సారా జోసెఫా హేల్ అనే సంపాదకురాలు. 1941లో చేసిన చట్టంతో అది నాలుగో గురువారంగా స్థిరపడింది. ఈ ఏడు నవంబరు 27న వచ్చిన ఆ గురువారం నాడు అందరికీ సెలవు ఉండదు. ఫైర్ స్టేషన్‌లో విధుల్లో ఉన్నవారికి, ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు నర్సులకు, సహాయకులకు వేడి భోజనం పంపడానికి 436 డాలర్లు ఖర్చయ్యాయి.

అదే రోజు విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మన 43 మంది విద్యార్థులు 17 ఇళ్లలో భోజనం చేశారు. సెలవులకు క్యాంపస్‌లో క్యాంటీన్లు మూసివేస్తారు, తోటి అమెరికన్ పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు, ఆగస్టులో కొత్తగా వచ్చిన మన పిల్లలు కారు లేక, ఎవరినీ అడగలేక, గదుల్లో ఉండిపోతారు. వారిని తీసుకువచ్చి తిరిగి దింపడానికి వ్యాను అద్దె, ఇంధనం కలిపి 284 డాలర్లు మాత్రమే ఈ పద్దులో కనిపిస్తాయి. ఇళ్లలో వండి పెట్టిన ఖర్చును ఏ కుటుంబమూ అడగలేదు, కమిటీ ఇవ్వజూపినా తీసుకోలేదు. విద్యార్థులు కొందరు తామూ ఏదైనా చెల్లిస్తామన్నారు. వారి నుంచి పైకం పుచ్చుకోకుండా, శనివారం పాత్రలు కడగడంలోను, ఫుడ్ బ్యాంకులో సామాన్లు సర్దడంలోను వారి సాయం తీసుకున్నాము. వచ్చే ఏడాది మరిన్ని ఇళ్లు ముందుకు వస్తే ఈ సంఖ్యను పెంచగలము.

బ్యాంకు, ఆన్‌లైన్ చెల్లింపుల రుసుము 43 డాలర్ల 15 సెంట్లు. ఈ విధంగా మొత్తం ఖర్చు 13,619 డాలర్ల 50 సెంట్లు కాగా, నిల్వ 2,040 డాలర్ల 90 సెంట్లు. ఇందులో 1,968 డాలర్ల 90 సెంట్లు బ్యాంకు ఖాతాలోను, 72 డాలర్లు నగదుగా కోశాధికారి వద్దను ఉన్నాయి. కమిటీ సభ్యులెవరికీ ప్రయాణ ఖర్చులు గాని, మరే రూపంలో గాని ఈ నిధి నుంచి చెల్లింపులు జరగలేదు. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు వోచర్లన్నిటినీ పరిశీలించి సంతకాలు చేశారు.

నిల్వలో 1,000 డాలర్లను వచ్చే ఏటి హాలు అడ్వాన్సుకు ఉంచి, మిగిలిన 1,040 డాలర్ల 90 సెంట్లను జనవరి రెండో వారంలో ఫుడ్ బ్యాంకుకే పంపాలని ప్రతిపాదిస్తున్నాము. పండుగల నెలల్లో విరివిగా వచ్చే విరాళాలు కొత్త సంవత్సరం రాగానే తగ్గిపోతాయి, వరుసలో నిలబడేవారు మాత్రం తగ్గరు. కంపెనీల నుంచి రావలసిన 600 డాలర్లు అందిన వెంటనే వాటినీ దీనికి కలుపుతాము. దీని మీద అభ్యంతరం ఉన్న సభ్యులు డిసెంబరు నెలాఖరులోగా కార్యదర్శికి రాతపూర్వకంగా తెలియజేయగలరు. బిల్లులు, రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు చూడదలచినవారు ముందుగా చెప్పి వస్తే కోశాధికారి చూపిస్తారు.