విశ్వం వయసు రాసేటప్పుడు

సంపాదకులకు,

విశ్వం వయసు గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లో రెండు తప్పులు పదేపదే దొర్లుతున్నాయి. మొదటిది సున్నాల తప్పు. 13.8 బిలియన్ అంటే 1380 కోట్లు. దాన్ని ఒకచోట 138 కోట్లని, మరోచోట 13.8 కోట్లని అచ్చేస్తున్నారు. భూమి వయసే దాదాపు 454 కోట్ల ఏళ్లు. తల్లి కంటే బిడ్డ పెద్దదని రాసినట్టే కదా! ఇది డెస్కులో నిమిషంలో దిద్దుకోగల తప్పు. రెండోది, విశ్వం 2670 కోట్ల ఏళ్లదన్న 2023 ప్రతిపాదనను తేలిపోయిన నిజంలా ‘విశ్వం వయసు రెట్టింపైంది’ అని శీర్షిక పెట్టడం. అసలు చిక్కు దీంతోనే.

ఈ లెక్క మొదలు చాలా సులువు. గెలాక్సీలు మన నుంచి దూరంగా జరుగుతున్నాయి. ప్లాంక్ ఉపగ్రహ కొలతల ప్రకారం ప్రతి మెగాపార్సెక్‌ దూరానికీ, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు, ఆ వేగం సెకనుకు 67.4 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. మెగాపార్సెక్‌లో ఉన్న 3.086 × 10¹⁹ కిలోమీటర్లను 67.4తో భాగిస్తే 4.58 × 10¹⁷ సెకన్లు, అంటే సుమారు 1450 కోట్ల ఏళ్లు.

ఇది ఇంకా వయసు కాదు. వేగం ఎన్నడూ మారలేదనుకుంటే వచ్చే అంకె. నిజానికి పదార్థపు గురుత్వం విస్తరణను మొదట నెమ్మదింపజేసింది, తర్వాత డార్క్ ఎనర్జీ (విస్తరణను వేగవంతం చేసే, ఇంకా స్వభావం తెలియని శక్తి) దాన్ని మళ్లీ పెంచింది. పదార్థం వాటా 31.5 శాతం, మిగతాది దాదాపు అంతా డార్క్ ఎనర్జీ అని తీసుకుంటే 1450ని 0.951తో గుణించాలి. అలా వచ్చేదే 1379 కోట్లు, రెండు కోట్లు అటూ ఇటూగా. డార్క్ ఎనర్జీని వదిలేసి అంతా పదార్థమే అనుకుంటే 0.951 స్థానంలో మూడింట రెండు వంతులు పెట్టాలి, వయసు 970 కోట్లకు పడిపోతుంది. అప్పుడు విశ్వం కంటే దానిలోని నక్షత్రాలే పాతవైపోతాయి. 1998లో విస్తరణ వేగం పెరుగుతోందని తేలేదాకా ఈ తంటానే ఉండేది.

ఎందుకంటే నక్షత్రాల లెక్క వేరే దారిలో వస్తుంది. గోళాకార తారాగుచ్ఛంలో, అంటే లక్షల నక్షత్రాలు బంతిలా గుమిగూడిన చోట, నక్షత్రాలన్నీ దాదాపు ఒకేసారి పుట్టాయి. బరువైనవి ఇంధనాన్ని త్వరగా తగలేసి ఎర్రబడతాయి, తేలికైనవి మిగులుతాయి. నక్షత్రాల రంగు, ప్రకాశాలను పటంగా గీస్తే, ఎర్రబడడం మొదలైన చోట వరుస పక్కకు మలుపు తిరుగుతుంది. ఆ మలుపు ఏ బరువు నక్షత్రాల దగ్గర ఉందో చూస్తే గుచ్ఛం వయసు తెలుస్తుంది. పాత గుచ్ఛాల్లో అది సూర్యుడి ద్రవ్యరాశిలో 0.8 వంతు దగ్గర ఉంటుంది, వయసు 1200–1300 కోట్ల ఏళ్లు. ఇక్కడ దెబ్బతీసేది దూరం. దూరంలో 5 శాతం పొరపాటు జరిగితే వయసు సుమారు 10 శాతం తప్పుతుంది. గుచ్ఛం అనుకున్నదానికంటే దూరంగా ఉంటే దాని నక్షత్రాలు నిజంగా మరింత ప్రకాశవంతమైనవన్నమాట, అంటే వయసు తక్కువ.

దూరాలు ఎంత పెద్ద దెబ్బ తీస్తాయో 1929లోనే తేలింది. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ లెక్కలో మెగాపార్సెక్‌కు వేగం 67 బదులు సుమారు 500 వచ్చింది, దాంతో విశ్వం 200 కోట్ల ఏళ్లదే అయింది! దూరాలు కొలవడానికి వాడే సెఫీడ్‌లు (క్రమంగా వెలుగు పెరిగి తగ్గే నక్షత్రాలు) రెండు రకాలని 1952లో ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే చూపించాక దూరాలు రెట్టింపయ్యాయి.

ఇప్పుడున్న అసలు వివాదం వేరు. సెఫీడ్‌లు, సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) దారిలో కొలిస్తే వేగం 73 వస్తోంది. ఆ 73ను పై లెక్కలోనే పెడితే వయసు 1270 కోట్ల దగ్గరికి తగ్గుతుంది. పెరగదు! 2670 కోట్లన్న 2023 ప్రతిపాదన, దారిలో కాంతి శక్తిని కోల్పోయి అలసిపోతుందనే పాత ఊహను విస్తరణకు కలిపి కట్టింది. కానీ రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర, అంటే కాంతి తరంగాలు రెట్టింపు పొడవుకు సాగి కనబడేంత దూరంలో, సూపర్నోవా వెలుగు తగ్గడానికి దగ్గరి వాటికంటే రెట్టింపు రోజులు పడుతోంది. కాంతి అలసట వల్ల కాలం ఇలా సాగదు. విస్తరణ ఒక్కటే చాలునని ఆ కొలత చెబుతోంది. విశ్వం అంత పాతదైతే 0.8 కంటే బాగా కిందికి మలుపు జారిన గుచ్ఛాలు ఎక్కడో ఒకచోట కనబడాలి. అలాంటిది ఒక్కటీ దొరకలేదు.

కొత్త ప్రతిపాదనలను అచ్చేయవద్దని కాదు. అంకె పక్కన ఎంత అటూ ఇటూనో, ఏ పద్ధతిలో కొలిచారో, తారాగుచ్ఛాల వయసుతో అది ఎలా పొసుగుతుందో మూడు వాక్యాల్లో రాయించండి. కాంతి సంవత్సరం కాలం కాదు, దూరం అన్న సంగతి కూడా డెస్కులో ఒకసారి గుర్తుచేయండి.

— ఒక పాఠకుడు